బునియన్: బొడిపె ఒకటి, నొప్పి ఇంకొకటి

కాలి బొటనవేలు పక్క వేలి మీదికి ఒరిగి, దాని మొదట్లో లోపలివైపు ఎముక బొడిపెలా పొడుచుకొచ్చిన పాదాలు మీరు చాలానే చూసి ఉంటారు. దాన్నే బునియన్ అంటారు. అప్పటిదాకా వచ్చిన ఎన్నో అధ్యయనాలను కలిపి 2010లో చేసిన ఒక సమీక్ష ప్రకారం, 18 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లలో 23 శాతం మందికి, 65 దాటినవాళ్లలో దాదాపు 36 శాతం మందికి ఇది ఉంది. ఆడవాళ్లలో 30 శాతం, మగవాళ్లలో 13 శాతం. ఇంతమందికి ఉన్న సమస్య గురించి వినబడే సలహాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. నడక మానెయ్యమని ఒకరంటే, మానేస్తే కీలు బిగుసుకుపోతుందని ఇంకొకరంటారు. రాత్రిపూట పట్టీ కట్టుకుంటే వేలు నిటారుగా అయిపోతుందని ప్రకటనలు చెబుతాయి. ఆపరేషన్ తప్ప దారి లేదని తెలిసినవాళ్లు భయపెడతారు.

ఈ గందరగోళంలో చాలా భాగం వంకరనీ నొప్పినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తుంది. వేలు బాగా ఒరిగిపోయి కూడా ఏ బాధా లేకుండా కిలోమీటర్లు నడిచేవాళ్లున్నారు. ఎక్స్-రేలో కాస్తంత వంకర మాత్రమే కనబడుతున్నా బూటు వేసుకోలేక అవస్థపడేవాళ్లూ ఉన్నారు. అందుకే "ఎంత వంగింది" అన్న ప్రశ్న కన్నా "సరిగ్గా ఎక్కడ నొప్పి, ఏం చేస్తుంటే నొప్పి" అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. ఏం మానాలో, ఏం మానక్కర్లేదో దాన్నిబట్టే తేలుతుంది.

లోపల జరిగేది ఏమిటి

బొడిపెను చూసి అక్కడ కొత్తగా ఎముక పెరిగిందనుకుంటారు చాలామంది. దాన్ని కరిగిస్తామని చెప్పే నూనెలూ పూతలూ అమ్ముడుపోయేది ఈ అపోహ మీదే. నిజానికి అక్కడ కనబడేది చాలావరకు ఎప్పటినుంచో ఉన్న ఎముకే. పాదం మధ్య నుంచి బొటనవేలి మొదలు దాకా వచ్చే పొడవాటి ఎముకను మొదటి మెటాటార్సల్ అంటారు. అది మెల్లగా రెండో పాదం వైపు జరుగుతుంది. బొటనవేలేమో అందుకు ఎదురుదిశలో, చిటికెన వేలి వైపు ఒరుగుతుంది. ఈ రెండూ కలిసే కీలు దగ్గర మెటాటార్సల్ తలభాగం బయటికి పొడుచుకొస్తుంది. డాక్టర్ చీటీలో దీనికి ఉండే పేరు హాలక్స్ వాల్గస్.

ఒకసారి ఒరగడం మొదలయ్యాక ఈ వంకర తనను తానే పెంచుకోగలదు. బొటనవేలిని కిందికీ పైకీ కదిలించే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, మామూలుగా కీలు మధ్యగా వెళ్తాయి. వేలు ఒరిగాక అవి ఒక పక్కకు జారి, వింటినారిలా పనిచేస్తాయి: బిగిసిన ప్రతిసారీ వేలిని ఇంకాస్త పక్కకి లాగుతాయి. కీలు కింద సెసమాయిడ్లనే రెండు చిన్న ఎముకలుంటాయి. మెటాటార్సల్ పక్కకి జరిగినా అవి దాదాపు ఉన్నచోటే ఉండిపోతాయి కాబట్టి కీలు వాటి మీది నుంచి తప్పుకుంటుంది. అడుగు ముందుకేసేటప్పుడు ఒంటి బరువును నేలకు నెట్టే పని బొటనవేలిది. దాని ఆసరా తగ్గేకొద్దీ ఆ బరువు పక్కనున్న రెండో వేలి మొదటికి చేరుతుంది. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

మనిషిని నిలబెట్టి తీసిన ఎక్స్-రేలో ఈ వంకరను డిగ్రీల్లో కొలుస్తారు. బొటనవేలికీ మెటాటార్సల్‌కీ మధ్య కోణం 15 డిగ్రీల లోపుంటే మామూలే. 20 దాకా స్వల్పం, 20 నుంచి 40 మధ్యస్థం, 40 దాటితే తీవ్రం అని స్థూలంగా లెక్క. పడుకోబెట్టి తీస్తే పాదం మీద బరువు పడదు, వంకర అసలు కన్నా తక్కువగా కనబడవచ్చు. అందుకే నిలబడే తీయించాలి.

తప్పు బూట్లదా, వంశానిదా

ఇది పాత తగాదా. రెండు పక్షాలకూ గట్టి ఆధారాలే ఉన్నాయి.

బూట్లదే తప్పనేవాళ్లు ముందుగా చూపించేది 1958లో వచ్చిన హాంకాంగ్ అధ్యయనాన్ని. బూట్లు వేసుకునేవాళ్లనూ, ఎప్పుడూ వట్టికాళ్లతో తిరిగేవాళ్లనూ పోల్చి చూస్తే, మొదటివాళ్లలో 33 శాతం మందికి ఎంతోకొంత వంకర కనబడింది, రెండోవాళ్లలో సుమారు 2 శాతం మందికే. ఇంకొకటి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో మధ్యయుగాల సమాధుల్లో దొరికిన 177 అస్థిపంజరాల మీద చేసి, 2021లో ప్రచురించినది. 11 నుంచి 13వ శతాబ్దం వరకు బతికినవాళ్లలో 6 శాతం మంది పాదాల్లో బునియన్ గుర్తులుంటే, 14, 15 శతాబ్దాలవాళ్లలో అది 27 శాతానికి ఎగబాకింది. మొన తేలిన బూట్లు ఫ్యాషనైపోయిన కాలమది. బునియన్ ఉన్న పెద్దవయసువాళ్ల ఎముకల్లో కిందపడితే విరిగే తీరు విరుగుళ్లు కూడా ఎక్కువగా కనబడ్డాయి.

వంశానిదే అనేవాళ్ల వాదన కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఇరుకు బూటు ఎన్నడూ వేసుకోనివాళ్లకూ ఇది వస్తుంది. ఎదిగే వయసు పిల్లల్లోనూ కనబడుతుంది. ఒకే ఇంట్లో తల్లికీ కూతురికీ, అక్కాచెల్లెళ్లకూ ఉండటం చాలా మామూలు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ కుటుంబాల మీద చేసిన పరిశోధనలో కూడా వారసత్వం పాత్ర గట్టిగానే తేలింది. అయితే సంక్రమించేది బొడిపె కాదు, పాదం తీరు: వదులుగా ఉండే కీళ్లు, మెటాటార్సల్ మొదట్లో పట్టు తక్కువగా ఉండటం, తలభాగం గుండ్రంగా ఉండటం లాంటివి. కీళ్లవాతం కూడా కొందరిలో కారణమవుతుంది.

నాకైతే ఈ తగాదాలో ఎవరు గెలిచినా రోగికి ఒరిగేది తక్కువే అనిపిస్తుంది. ఒరిగే గుణం పుట్టుకతో రావచ్చు, దాన్ని తోసే పని బూటు చేయవచ్చు. కారణం ఏదైనా, వెడల్పు బూటు వేసుకున్నంత మాత్రాన ఒరిగిన వేలు వెనక్కి రాదు. నొప్పి మాత్రం బాగా తగ్గవచ్చు. "బూట్లు మార్చినా లాభం లేదు, వేలు అలానే ఉంది" అని నిరాశపడేవాళ్లు ఒకదానికి మందు వాడి ఇంకొకదానిలో ఫలితం వెతుకుతున్నారు.

నొప్పి పుట్టే నాలుగు చోట్లు

మొదటిది బొడిపె పైన. చర్మానికీ ఎముకకూ మధ్య బర్సా అనే నీటిసంచి ఒకటుంటుంది. బూటు రాపిడికి అది వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. వట్టికాళ్లతో ఉంటే హాయి, బూటు తొడిగితే బాధ. ఇది అన్నిటికన్నా తేలిగ్గా లొంగే రకం.

రెండోది కీలు లోపల. బొటనవేలిని పైకి వంచినప్పుడు లోతుగా నొస్తుంది. మునివేళ్ల మీద లేచినా, మెట్లెక్కినా, గొంతుక్కూర్చున్నా తెలుస్తుంది. బూటు తీసేసినా తగ్గదు. కీలు మృదులాస్థి అరుగుతోందేమో చూడాల్సిన నొప్పి ఇది.

మూడోది రెండో వేలి మొదట్లో, అరికాలి వైపు. గులకరాయి మీద నడుస్తున్నట్టుంటుంది. అక్కడి చర్మం కాయకట్టి ఉంటుంది కూడా. బొటనవేలు వదిలేసిన బరువంతా ఇక్కడికే చేరింది. బొడిపె ఏమాత్రం నొప్పి లేకుండా ఇది మాత్రమే బాధపెట్టవచ్చు. అందుకే చాలామంది దీనికీ బునియన్‌కీ సంబంధమే లేదనుకుంటారు.

నాలుగోది బొడిపె మీదుగా వెళ్లే సన్నటి నరం. అది నొక్కుకుంటే వేలి పక్కన తిమ్మిరి, మంట.

బూటులో ఎంత చోటుంది

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది, ఐదు నిమిషాల పని. తెల్లకాగితం నేల మీద పెట్టి, దాని మీద బరువంతా వేసి నిలబడండి. పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయించుకోండి. ఆ గీత మీద మీరు రోజూ వేసుకునే బూటును పెట్టి చూడండి. బునియన్ ఉన్న చాలామందికి బొడిపె దగ్గరా చిటికెన వేలి దగ్గరా పెన్సిల్ గీత బూటు అంచు దాటి బయటికి కనబడుతుంది. అంటే ప్రతిరోజూ అంత మేర పాదాన్ని లోపలికి కుక్కుతున్నట్టే. స్పోర్ట్స్ షూ అయితే లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి, దాని మీద నిలబడి చూసినా ఇదే తెలుస్తుంది.

చాలామంది ఇరుకనిపించగానే ఒక సైజు పెద్దది కొంటారు. దానివల్ల పొడవు పెరుగుతుంది గానీ వెడల్పు అంతగా పెరగదు. మడమ వదులై పాదం ముందుకు జారి, వేళ్లు మళ్లీ అదే ఇరుకులో పడతాయి. కావాల్సింది ముందుభాగం వెడల్పుగా, లోతుగా ఉన్న బూటు. పొడవైన వేలికి ముందు చేతి బొటనవేలి గోరంత చోటుండాలి. బొడిపె మీద కుట్టుగానీ గట్టి తోలుగానీ రాకూడదు, సాగే మెత్తటి గుడ్డ ఉంటే మేలు. మడమ ఎత్తు పెరిగేకొద్దీ బరువు పాదం ముందుకు జారుతుంది కాబట్టి ఎత్తు తక్కువైతే మంచిది. పాదాలు సాయంత్రానికి కొంత ఉబ్బుతాయి, కొనేటప్పుడు ఆ వేళకే వేసి చూసుకోవడం నయం. ఉన్న బూట్లకే లేసు కట్టే తీరు మార్చి, బొడిపెకు దగ్గరున్న కన్నాన్ని వదిలేస్తే కూడా అక్కడి బిగువు తగ్గుతుంది.

కీలు లోపలి నొప్పికి మాత్రం వెడల్పు ఒక్కటే సరిపోదు. అడుగుభాగం గట్టిగా ఉండి, ముందు వైపు కాస్త పైకి వంపు తిరిగిన బూటులో పాదం దొర్లుతూ ముందుకెళ్తుంది, వేలు వంగాల్సిన అవసరం తగ్గుతుంది. దీన్ని రాకర్ సోల్ అంటారు. బాగా మెత్తగా, మధ్యలో మడత పడిపోయే బూటు చేతికి హాయిగా తగులుతుంది గానీ ఈ రకం నొప్పికి అది పనికిరాదు.

ప్యాడ్లు, స్పేసర్లు, రాత్రి పట్టీలు

వీటి మీద అతి నమ్మకం ఉన్నవాళ్లూ ఉన్నారు, అన్నీ మోసమే అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఫిన్లండ్‌లో 209 మంది మీద చేసి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ సాయపడుతుంది. ఒక వర్గానికి ఆపరేషన్, ఒక వర్గానికి పాదానికి తగ్గట్టు చేసిన ఇన్‌సోల్, మూడో వర్గానికి ఏమీ చేయకుండా గమనించడం. ఆరు నెలలకు ఇన్‌సోల్ వాడినవాళ్లలో ఊరికే ఉన్నవాళ్ల కన్నా నొప్పి తగ్గింది. ఏడాదికి చూస్తే ఆ తేడా నిలవలేదు. ఏడాది చివర మెరుగ్గా ఉన్నది ఆపరేషన్ చేయించుకున్న వర్గమే. అంటే ఇన్‌సోల్ దండగ కాదు, శాశ్వతమూ కాదు.

రాత్రి పట్టీల సంగతి ఇంకా సూటిగా చెప్పవచ్చు. కట్టుకున్నంతసేపు వేలు నిటారుగా ఉంటుంది. కొందరికి ఉదయం లేచాక బిగువు తగ్గినట్టుంటుంది. పెద్దవాళ్లలో వంకర శాశ్వతంగా సర్దుకుంటుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. ప్రకటనల్లోని "ముందు, తర్వాత" ఫోటోలు చూసేటప్పుడు ఆ పాదం మీద బరువుందో లేదో గమనించండి. గాల్లో వేలాడే పాదం ఎప్పుడూ కాస్త తిన్నగానే కనబడుతుంది.

బొడిపె చుట్టూ అతికించే మెత్తటి ప్యాడ్, వేళ్ల మధ్య పెట్టే సిలికాన్ స్పేసర్ రాపిడిని తగ్గిస్తాయి, బూటులో వాటికి చోటుంటేనే. ఇప్పటికే ఇరుకైన బూటులో ఇంకో వస్తువు పెడితే ఒత్తిడి పెరుగుతుంది తప్ప తగ్గదు. వాచి ఎర్రబడిన రోజుల్లో గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాలు పెట్టినా, నొప్పి తగ్గించే జెల్ రాసినా ఉపశమనం దొరుకుతుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వీటిలో ఏదీ సొంతంగా మొదలుపెట్టకూడదు. ప్యాడ్ కింద పుండు పడ్డా వాళ్లకు తెలియకపోవచ్చు.

కదలిక ఆపకుండా ఎలా: మూడు ఉదాహరణలు

రోజూ ఉదయం ఐదు కిలోమీటర్లు నడిచే ఒకావిడను ఊహించుకుందాం. మూడో కిలోమీటరు దగ్గర బొడిపె మండుతుంది. ఇంటికొచ్చి బూట్లు విప్పితే పావుగంటలో మామూలైపోతుంది. ఇది మొదటి రకం నొప్పి. ఆమె నడక మానేయాల్సిన పని లేదు. మార్చాల్సింది బూటు, లేసు కట్టే తీరు. నడక మానేసి అదే బూటుతో రోజంతా ఆఫీసులో కూర్చుంటే బొడిపెకు విశ్రాంతి దొరికినట్టు కాదు.

రెండో ఉదాహరణ, వారానికి మూడుసార్లు పరుగెత్తే నలభై ఏళ్ల మనిషి. బొడిపె నొప్పి లేదు, రెండో వేలి కింద కాయ, పరుగు తర్వాత రోజంతా అక్కడ పోటు. ఇది బరువు చేతులు మారిన నొప్పి. ఇక్కడ వెడల్పు బూటు సగం పనే చేస్తుంది. నొప్పి ఉన్న చోటికి సరిగ్గా కింద కాకుండా కాస్త వెనక, అంటే మడమ వైపుగా మెటాటార్సల్ ప్యాడ్ అనే చిన్న మెత్తను పెడితే బరువు పంచుకుంటుంది. చాలామంది దాన్ని సరిగ్గా నొప్పి కిందే పెట్టి, ఎక్కువైందని పారేస్తారు. పిక్కలు బిగుసుకుపోయి ఉంటే మడమ తొందరగా లేచి ముందు పాదం మీద బరువు పెరుగుతుంది, అందుకే పిక్కల స్ట్రెచింగ్ కూడా ఇందులో భాగం. ఎత్తు ఎక్కే పరుగు, వేగంగా పరుగెత్తే రోజులు కొన్నాళ్లు తగ్గించి, వాటి స్థానంలో ఈత, సైకిల్ పెట్టుకోవచ్చు. సైకిల్ బూటు ఇరుకైతే మళ్లీ మొదటికొస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

యోగా చేసేవాళ్లకు చిక్కు వేరేచోట వస్తుంది. ప్లాంక్‌లోనూ, ఒక కాలు వెనక్కి చాపి మునివేళ్ల మీద నిలిపే భంగిమల్లోనూ బొటనవేలు బాగా పైకి వంగుతుంది. కీలు నొప్పి ఉన్నవాళ్లు ప్లాంక్‌లో మోకాళ్లు ఆనించినా, వెనక మోకాలు నేల మీద పెట్టి పాదం పైభాగం నేలకు ఆనేలా పరిచినా వ్యాయామం పోదు, వేలికి బాధ తగ్గుతుంది.

మూడో ఉదాహరణ 70 ఏళ్ల పెద్దాయన. రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కేసింది. నొప్పి కన్నా తడబడటం ఎక్కువ. పెద్దవయసులో బునియన్ ఉన్నవాళ్లు పడిపోయే ప్రమాదం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి కాబట్టి ఇక్కడ దృష్టి నిలకడ మీద ఉండాలి. లోతైన ముందుభాగం, వెనక గట్టి పట్టు ఉన్న బూటు, పట్టుకోవడానికి ఆసరా పక్కనే ఉంచుకుని చేసే బ్యాలెన్స్ వ్యాయామాలు ఆయనకు అవసరం. "మీకెందుకు నడక, కూర్చోండి" అని కూర్చోబెడితే కాళ్లలో సత్తువ తగ్గి, పడే ప్రమాదం పెరుగుతుంది.

ఎంత చేయవచ్చో తేల్చుకోవడానికి ఫిజియోథెరపిస్టులు సాధారణంగా వాడే కొలత ఒకటుంది. పదికి నొప్పి రెండో మూడో దాటకుండా, మర్నాటి పొద్దుటికల్లా మామూలు స్థాయికి వచ్చేస్తే ఆ పని కొనసాగించవచ్చు. మర్నాడు కూడా కుంటుతుంటే తగ్గించాలి.

వేళ్లను విసనకర్రలా విడదీసి ఆపడం, వేళ్లు ముడవకుండా అరికాలి వంపును పైకి లాగడం లాంటి వ్యాయామాలు పాదంలోని చిన్న కండరాలకు బలమిస్తాయి. వాటితో వంకర సర్దుకుంటుందన్న ఆధారం బలహీనంగానే ఉంది. కానీ నష్టం లేదు, కొందరికి నడక తేలికవుతుంది.

బునియన్‌లా కనబడే వేరేవి

రాత్రికి రాత్రే బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా తట్టుకోలేనంత నొప్పి వస్తే అది గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్లవాపు) కావచ్చు. బునియన్ ఇంత హఠాత్తుగా రాదు. బొడిపె పక్కన కాకుండా కీలు పైభాగాన ఉండి, వేలు తిన్నగానే ఉన్నా పైకి వంగకపోతే అది హాలక్స్ రిజిడస్ అనే అరుగుదల. రెండు పాదాల్లో ఎన్నో చిన్న కీళ్లు ఒకేసారి వాచి, పొద్దున్నే చాలాసేపు బిగుసుకుపోతుంటే కీళ్లవాతం పరీక్షలు చేయించాలి. జ్వరం, చీము, పుండు ఉంటే ఆలస్యం చేయకూడదు.

ఆపరేషన్ ఎప్పుడు, దానితో ఏం వస్తుంది

ఆపరేషన్ రకాలు వందకు పైనే ఉన్నాయి. అన్ని రకాలున్నాయంటే అందరికీ సరిపోయేది ఒక్కటీ లేదనే అర్థం. వంకర తక్కువైతే మెటాటార్సల్ తల దగ్గర కోసి జరిపే చెవ్రాన్, ఇంకాస్త ఎక్కువైతే ఎముక పొడవునా కోసే స్కార్ఫ్, మొదట్లో కీలే వదులుగా ఉంటే దాన్ని అతికించే లాపిడస్, బొటనవేలి కీలు బాగా అరిగిపోతే ఆ కీలునే కలిపేయడం. బొడిపెను మాత్రమే చెక్కేస్తే వంకర మళ్లీ తిరగబెడుతుంది. చిన్న గాట్లతో చేసే పద్ధతుల్లో మొదటి వారాల్లో నొప్పి తక్కువని కొన్ని అధ్యయనాల్లో తేలింది. దీర్ఘకాలంలో అవి పాతవాటి కన్నా మేలని ఇంకా స్థిరపడలేదు.

నొప్పి వల్ల రోజువారీ పనులు ఆగిపోతూ, బూట్లు మార్చినా కొన్ని నెలల్లో గుణం కనబడకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడటం సబబే. వంకర చూడ్డానికి బాగోలేదనో, ముందు ముందు పెరుగుతుందేమోననో చేయించుకోవద్దనే ఎక్కువమంది సర్జన్లు చెబుతారు. నొప్పి లేని పాదంలో కోతతో కొత్త నొప్పి వచ్చే అవకాశం ఉంది మరి: కీలు బిగుసుకోవడం, వేలి పక్కన మొద్దుబారడం, బరువు రెండో వేలి కిందికి చేరడం, వంకర తిరగబెట్టడం. ఎదుగుతున్న పిల్లల్లో వీలైతే ఎముకల ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగుతారు.

కోలుకోవడం గురించి జనం వేసుకునే లెక్క సాధారణంగా తప్పుతుంది. ఆరు వారాలు గట్టి అడుగున్న ప్రత్యేక చెప్పుతో నడవాలి, కొన్ని రకాల్లో మొదట అసలు బరువే వేయనివ్వరు. కుడి పాదమైతే కారు నడపడం కూడా దాదాపు అంతకాలం కుదరదు. దూకే, పరుగెత్తే ఆటలకు సాధారణంగా మూడు నెలలు, ఒక్కోసారి అంతకు మించి ఆగాలి. వాపు ఆరు నెలలు, కొందరికి ఏడాది దాకా వస్తూ పోతూ ఉంటుంది. పొగ తాగేవాళ్లలో ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది కాబట్టి ముందే మానమంటారు. సర్జన్‌ను కలిసినప్పుడు "నా నొప్పి ఈ నాలుగు చోట్లలో ఎక్కడిది, మీరు చేసే కోత దాన్నే తగ్గిస్తుందా" అని అడగండి. మొన తేలిన బూట్లలోకి పాదం మళ్లీ పడుతుందన్న హామీ మాత్రం ఏ ఆపరేషనూ ఇవ్వదు.